గుడ్డసంచీ మన చేతికేనా?

ఆడవాళ్ళు తలుచుకుంటే ప్లాస్టిక్ పోతుందట. ఈ మాట ఎన్ని చోట్ల విన్నానో లెక్కలేదు. జూన్ 5 వచ్చిందంటే పేపర్లో మహిళల పేజీ నిండా ఇదే. అపార్టుమెంటు సంఘం మీటింగులో ఇదే. పిల్లల స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథి ఉపన్యాసమూ ఇదే. "అమ్మలారా! బజారుకు గుడ్డసంచీ పట్టుకెళ్ళండి, తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యండి, సముద్రాన్ని కాపాడండి" అంటారు. ఆ చెప్పే పెద్దమనిషి ముందు బల్ల మీద వరసగా నాలుగు ప్లాస్టిక్ నీళ్ళసీసాలు, వెనక ఫ్లెక్సీ బ్యానరు, చేతిలో జిలుగు కాగితం చుట్టిన పూలగుత్తి. మనం చప్పట్లు కొట్టి ఇంటికొస్తాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే అపార్థం చేసుకుంటారు. గుడ్డసంచీ మంచిదే. పాత చీరలు, పంచెలు చింపి సంచీలు కుట్టడం మనకి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. మా అమ్మ తరంలో నూనెకి డబ్బా, పాలకి చెంబు, పెరుగుకి గిన్నె, పచారీ సామానుకి సంచీ పట్టుకునే బయల్దేరేవారు. కాబట్టి నా పోట్లాట సంచీతో కాదు. సముద్రం నిండా ప్లాస్టిక్ పేరుకుపోతుంటే, ఆ నేరం మొత్తం వంటింటి గుమ్మం ముందు పెట్టి చేతులు దులుపుకునే వాళ్ళతో. సముద్రంలో చెత్త ఎంత ఉండాలో తేలేది మన వంటింట్లో కాదు. ప్లాస్టిక్ ఎంత తయారు కావాలో నిర్ణయించే చోట అది తేలుతుంది. ఆ చోట ప్రపంచ దేశాలన్నీ కూర్చున్నప్పుడు మన దేశం పట్టిన పట్టు సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ముందు మన ఇంట్లోకి వచ్చే ప్లాస్టిక్ సంగతే చూద్దాం. పొద్దున్నే పాలప్యాకెట్టు. తర్వాత కాఫీపొడి ప్యాకెట్టు, ఉప్పు, పప్పు, చింతపండు, నూనె, బిస్కెట్లు, షాంపూ, బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు మీద తొడుగు, మందుల అట్ట, కొరియరులో వచ్చిన చీర మీద ఒకటి కాదు రెండు కవర్లు. వీటిలో నేను అడిగి తెచ్చుకున్న ప్లాస్టిక్ ఏది? చేతిసంచీ ఒక్కటే. మిగిలినదంతా సరుకుకి అంటుకుని వచ్చింది. వద్దనాలంటే సరుకే వద్దనాలి. గుడ్డసంచీలో ఇంటికి మోసుకొచ్చిన పచారీ సామాను తీసి సర్దుతుంటే చెత్తబుట్ట ప్లాస్టిక్‌తో నిండిపోతుంది. మరి ఆ సంచీ చేసిన ఉపకారం ఎంత?

చెత్త వేరు చెయ్యమంటారు. చేస్తున్నాం. కానీ పాత సామాన్లు కొనే అతను ఏం తీసుకుంటాడో, ఏం వదిలేస్తాడో గమనించారా? నీళ్ళసీసాలు తీసుకుంటాడు, పాలకవర్లు తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్టు, షాంపూ సాచెట్టు, మసాలా ప్యాకెట్టు చూపిస్తే తల అడ్డంగా ఊపుతాడు. అతనికి బద్ధకమై కాదు. ఆ ప్యాకెట్టులో ప్లాస్టిక్ పొర, వెండిలా మెరిసే అల్యూమినియం పొర, మళ్ళీ ప్లాస్టిక్ పొర అతికించి ఉంటాయి. వాటిని విడదీయడానికి అయ్యే ఖర్చు వచ్చే సొమ్ము కంటే ఎక్కువ. అందుకే దానికి ధర లేదు. ధర లేని చెత్తని నేను ఎంత శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, వేరే బుట్టలో వేసినా చివరికి అది చేరేది గుట్టకో, మంటకో, మురిక్కాలవకో. దాన్ని అలా తయారుచెయ్యాలని నిర్ణయించింది నేను కాదు, ఆ పాత సామాన్ల అతనూ కాదు.

ఇక లెక్కలు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2019లో ప్రపంచం వాడిన ప్లాస్టిక్ 46 కోట్ల టన్నులు. 2000తో పోలిస్తే ఇది రెట్టింపు. ఆ ఏడాది చెత్తగా మారింది 35 కోట్ల టన్నుల పైమాట. అందులో నిజంగా రీసైకిల్ అయింది నూటికి 9 వంతులే. సగానికి సగం పూడ్చిపెట్టారు, కొంత కాల్చారు, నూటికి 22 వంతులు అసలు ఏ పద్ధతీ లేకుండా గుట్టల్లోకీ, ఆరుబయట మంటల్లోకీ, నీళ్ళలోకీ పోయింది. నదులు, చెరువులు, సముద్రాల్లోకి చేరింది 61 లక్షల టన్నులు. ఇదే పద్ధతి సాగితే 2060 నాటికి వాడకం దాదాపు మూడింతలవుతుందని అదే సంస్థ అంచనా.

ఇప్పుడు మన ఇంటి లెక్కలో ఆలోచించండి. ఇంట్లో ఒకరు రోజూ పదిమందికి సరిపడా వండేస్తున్నారు, తినేవాళ్ళు నలుగురు. మిగిలింది పారేస్తున్నాం. అప్పుడు మనం గిన్నెలు తోమే మనిషిని పిలిచి "ఇంకా బాగా తోమవే" అంటామా, వండే మనిషిని పిలిచి "గిద్దెడు తగ్గించి పొయ్యి" అంటామా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మన చేత కాళ్ళు మాత్రం కడిగిస్తున్నారు. అడుసు మాత్రం ఏటా ఇంకా ఎక్కువ పోస్తూనే ఉన్నారు.

"సముద్రానికీ మాకూ ఏమిటండీ సంబంధం, మాది హైదరాబాదు" అనే వదినలున్నారు. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో ఎన్ని ఆనకట్టలున్నా, వరదొచ్చి గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళతో పాటు తేలేవన్నీ కిందికి పోతాయి. మనకి పుణ్యస్నానాల దారి ఎంత బాగా తెలుసో, ప్లాస్టిక్‌కి కూడా ఆ దారి అంత బాగా తెలుసు. సముద్రంలో కలిశాక దానికి ఇక ఊరూ లేదు, రాష్ట్రమూ లేదు, దేశమూ లేదు. బంగాళాఖాతం మనదీ, శ్రీలంకదీ, బంగ్లాదేశ్‌దీ, మయన్మార్‌దీ. అందరి ఇళ్ళ మధ్యనున్న ఒకే పెరటి బావి లాంటిది అది. ఒక ఇంటివాళ్ళు శుభ్రంగా ఉంటే చాలదు.

ఇంకో సంగతి. సముద్రంలో పడే ప్లాస్టిక్ అంతా ఎవరో వాడి పారేసినదే అనుకుంటాం. 2021 మే నెలలో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే సరుకుల ఓడకి నిప్పంటుకుంది. కొన్ని రోజులు కాలి మునిగిపోయింది. దానిలో రసాయనాలతో పాటు దాదాపు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలున్నాయి. నర్డిల్స్ అంటారు వాటిని. చూడడానికి అచ్చం సగ్గుబియ్యం. ఫ్యాక్టరీల్లో వీటిని కరిగించే బకెట్లు, కవర్లు, సీసాలు పోస్తారు. అంటే అవి ఇంకా వస్తువు కూడా కాలేదు, పచ్చి సరుకు. అవి శ్రీలంక పడమటి తీరాన ఇసుకలో పేరుకున్నాయి. చచ్చిన తాబేళ్ళు వందల్లో కొట్టుకొచ్చాయి. బెస్తవాళ్ళు వేటకు పోకుండా ఆపేశారు. నాలుగేళ్ళ తర్వాత, 2025 జూలైలో, శ్రీలంక సుప్రీంకోర్టు ఆ ఓడ కంపెనీని 100 కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. అంత కట్టేది లేదని కంపెనీ అంది.

అదే 2025 మే నెలలో మన కేరళ దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో మునిగింది. తిరువనంతపురం తీరాన మళ్ళీ అవే సగ్గుబియ్యం గింజలు. కుర్రాళ్ళు, ఆడవాళ్ళు జల్లెళ్ళు పట్టుకుని ఇసుక జల్లించారు.

ఇప్పుడు చెప్పండి. కొలంబోలో, తిరువనంతపురంలో ఏ ఇల్లాలు సంచీ మర్చిపోయి బజారుకి వెళ్ళినందుకు అలా జరిగింది? ఓడ ఒక దేశపు జెండా వేసుకుంటుంది, యజమాని ఇంకో దేశంలో ఉంటాడు, సరుకు మూడో దేశానిది, పాడయ్యేది నాలుగో దేశపు తీరం. ఇలాంటి దాన్ని ఏ గృహిణి కాదు కదా, ఏ ఒక్క ప్రభుత్వమూ ఒంటరిగా పట్టుకోలేదు. దేశాలన్నీ కూర్చుని రాసుకున్న కాగితం ఒకటుండాలి, ఆ కాగితానికి కోరలుండాలి.

"దేశాలు కూర్చుంటే ఏమవుతుంది, టీలు తాగి ఫొటోలు దిగి పోతారు" అని ఇంట్లో మగవాళ్ళు నవ్వుతారు. ఇది నిజం కాదు. గట్టిగా రాసుకున్నప్పుడు పనులు జరిగాయి. ఓడల మీద నుంచి ఏ రకం ప్లాస్టిక్‌నీ సముద్రంలో పారెయ్యకూడదన్న అంతర్జాతీయ నియమం 1988 చివర్నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఓడ చెత్త సముద్రంలో గుమ్మరించడం మామూలు సంగతి. అలాగే ధనిక దేశాలు తమ ప్లాస్టిక్ చెత్తని "రీసైక్లింగు" అని పేరుపెట్టి బీద దేశాలకి ఓడల్లో పంపించేవి. 2018లో చైనా మాకొద్దని తలుపేసింది. ఆ చెత్త మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మీద పడింది. 2019లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కెనడా నుంచి వచ్చి ఏళ్ళ తరబడి రేవులో కుళ్ళుతున్న 69 కంటైనర్ల చెత్తని తిరిగి కెనడాకే పంపించింది. అదే సంవత్సరం బేసెల్ ఒప్పందంలో ప్లాస్టిక్ చెత్తని చేర్చారు. 2021 నుంచి, తీసుకునే దేశం ముందుగా ఒప్పుకోకుండా మురికి ప్లాస్టిక్ చెత్తని పంపడానికి వీల్లేదు. మన దేశం కూడా 2019లోనే ప్లాస్టిక్ చెత్త దిగుమతిని ఆపేసింది. అంటే దేశాలు తలుచుకుంటే అవుతుంది. ఆడవాళ్ళు తలుచుకుంటే అవుతుందన్న దానికంటే ఇది గట్టి మాట.

అన్నిటికంటే మంచి ఉదాహరణ మన వంటింట్లోనే ఉంది. ఫ్రిజ్జు. ఒకప్పుడు ఫ్రిజ్జులో వాడే సీఎఫ్‌సీ వాయువు వల్ల ఓజోన్ పొరకి చిల్లు పడుతోందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అప్పుడు ఏం చేశారు? "అమ్మలారా, ఫ్రిజ్జు తలుపు తక్కువ తెరవండి, పెరుగు బయట పెట్టుకోండి, ఓజోన్‌ని కాపాడండి" అని మనకి ఉపన్యాసాలు ఇచ్చారా? లేదు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. ఆ వాయువు తయారీనే దశలవారీగా తగ్గించాలన్నారు, తర్వాత పూర్తిగా ఆపెయ్యాలన్నారు. కంపెనీలు కొత్త వాయువు వెతుక్కున్నాయి. మన ఫ్రిజ్జులు అలాగే ఉన్నాయి, పెరుగు చల్లగానే ఉంది, లోపలి వాయువు మారింది. ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. ఏ ఇల్లాలూ నేరస్థురాలు కాకుండా ఆ పని జరిగింది.

అందులో మన దేశం పాత్ర తెలుసుకుంటే గర్వంగా ఉంటుంది. మొదట మనం సంతకం పెట్టలేదు. "పాడుచేసింది మీరు, మార్చుకునే ఖర్చు మేమెందుకు పెట్టుకోవాలి?" అని చైనాతో కలిసి నిలదీశాం. ఆ పట్టుతో 1990లో లండన్‌లో బీద దేశాల కోసం నిధి ఏర్పాటైంది, అదనపు గడువు కూడా ఇచ్చారు. ఆ తర్వాత 1992లో మనం చేరాం. ఇదీ బేరమంటే. మనం తగ్గించమనలేదు, తగ్గిస్తాం, కానీ డబ్బు, సమయం ఇవ్వండి అన్నాం. గెలిచాం.

మరి ప్లాస్టిక్ విషయంలో ఇప్పుడు ఏం చేస్తున్నాం?

2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ ఒక తీర్మానం చేసింది. సముద్రంతో సహా అన్ని చోట్లా ప్లాస్టిక్ కాలుష్యాన్ని ఆపడానికి, పుట్టుక నుంచి చెత్త దాకా ప్లాస్టిక్ జీవితం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని, దేశాలు కట్టుబడే ఒప్పందం రాయాలని. 2024 చివరికల్లా ముగించాలని గడువు. మన దేశం కూడా ఒప్పుకుంది. ఉరుగ్వేలో, పారిస్‌లో, నైరోబీలో, ఒట్టావాలో కూర్చున్నారు. 2024 చివర బుసాన్‌లో ఐదోసారి కూర్చున్నారు, తేలలేదు. 2025 ఆగస్టులో జెనీవాలో 180కి పైగా దేశాలు మళ్ళీ కూర్చున్నాయి. ఆగస్టు 15న, మనం ఇక్కడ జెండా ఎగరేసుకుంటున్న రోజున, అక్కడ ఉత్త చేతులతో లేచిపోయాయి.

ఎక్కడ తెగలేదు? ముఖ్యంగా ఒక ప్రశ్న దగ్గర. ప్లాస్టిక్ తయారీ మీద పరిమితి పెట్టాలా, వద్దా? బుసాన్‌లో 100కి పైగా దేశాలు పెట్టాలన్నాయి. వాటిలో నార్వే లాంటి ధనిక దేశాలున్నాయి, రువాండా లాంటి బీద దేశమూ ఉంది. రువాండా 2008లోనే ప్లాస్టిక్ సంచీలు నిషేధించింది. ఇక వద్దన్నవాళ్ళు సౌదీ అరేబియా, రష్యా, ఇరాన్, కువైట్. వాళ్ళ బాధ అర్థమవుతుంది. ప్లాస్టిక్ తయారయ్యేదే చమురు, గ్యాసుల నుంచి. నాలుక మీద చక్కెర పెట్టుకున్నవాడు చేదు మందుకి ఒప్పుకోడు. 2025లో అమెరికా కూడా తయారీ పరిమితి వద్దంది. ఇంతకాలం అందరికంటే ఎక్కువ వాడి పారేసిన దేశం అది. దాని సంగతి సరే. మన దేశం ఎటు నిలబడిందో చూశారా? ప్లాస్టిక్ ముడిసరుకు తయారీని నియంత్రించే ఏ ఏర్పాటుకీ మేం ఒప్పుకోం అని బుసాన్‌లో చెప్పింది. జెనీవాలోనూ ఆ చమురు దేశాల సరసనే కూర్చుంది.

ఇంకొకటి కూడా చేసింది. 2023లో పారిస్ సమావేశంలో, అందరూ ఒప్పుకోకపోతే చివరికి ఓటింగు పెట్టాలా వద్దా అనే గొడవలోనే దాదాపు రెండు రోజులు పోయాయి. ఓటింగు వద్దు, ఏకాభిప్రాయమే కావాలన్న దేశాల్లో మనదీ ఒకటి. ఏకాభిప్రాయం వినడానికి ఎంత చక్కటి మాట! ఉమ్మడి కుటుంబంలో మెలిగిన వాళ్ళకి దాని అసలు అర్థం తెలుసు. ఇల్లు కారుతోంది, బాగుచేయించాలి అని తొమ్మిదిమంది అంటారు. బావగారొక్కరు "ఇప్పుడు కాదు" అంటారు. అంతే, ఆయన మాటే చెల్లుతుంది, వానాకాలమంతా మనం గదుల్లో గిన్నెలు పెట్టుకుంటాం. అందరూ ఒప్పుకోవాలి అంటే ఒక్కడు అడ్డుపడితే చాలు అని.

ఆ హాళ్ళలో ఇంకెవరున్నారో కూడా చెప్పాలి. సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ఎన్విరాన్‌మెంటల్ లా అనే సంస్థ లెక్కకట్టింది. జెనీవాకి చమురు, రసాయన పరిశ్రమల తరఫున వచ్చిన లాబీయిస్టులు 234 మంది. చాలా దేశాల బృందాల్లో అంతమంది లేరు. అక్కడ కూర్చుని వాళ్ళు చెప్పేది ఏమిటి? సమస్య ప్లాస్టిక్ కాదు, చెత్త సరిగ్గా ఎత్తకపోవడం. తయారీ జోలికి రాకండి, రీసైక్లింగు చెయ్యండి, జనాన్ని చైతన్యపరచండి. ఈ "జనాన్ని చైతన్యపరచడం" అన్న మాటే ఊళ్ళు దాటి, వేదికలు దాటి, చివరికి మా అపార్టుమెంటు మీటింగులో "అమ్మలారా" అయి దిగింది. మనం వింటున్న పాఠం ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలిసిందా?

మన ప్రభుత్వం వాదన కూడా న్యాయంగా చెప్పాలి. మనది వర్ధమాన దేశం, తలసరి ప్లాస్టిక్ వాడకం అమెరికా వాడకంలో చిన్న వంతు, పరిశ్రమ మీద లక్షలమంది బతుకుతున్నారు, ఏడు దశాబ్దాలు వాళ్ళు అనుభవించి ఇప్పుడు మన వంతు వచ్చేసరికి పళ్ళెం లాగేస్తారా అని. ఇందులో నిజముంది. నేను కాదనను. పళ్ళెం లాగేస్తే ఎవరికైనా కోపమొస్తుంది. కానీ 1990లో మన వాళ్ళు ఇదే మాట చెప్పి ఏం సాధించారో పైన రాశాను. అప్పుడు నిధి అడిగారు, గడువు అడిగారు, ఎక్కువ వాడినవాడు ఎక్కువ తగ్గించాలన్నారు. ఇప్పుడూ అదే అడగండి, మేమంతా మీ వెనక ఉంటాం. డబ్బు అడగడం వేరు, తగ్గించనే తగ్గించం అనడం వేరు. మొదటిది బీదవాడి హక్కు. రెండోది చమురు షావుకారి అవసరం. బీదవాడి పేరు చెప్పి షావుకారి పని చెయ్యకూడదు.

పైగా మన ఇంట్లో మనం చేస్తున్నదేమిటి? 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే 19 రకాల ప్లాస్టిక్ వస్తువుల్ని కేంద్ర ప్రభుత్వమే నిషేధించింది. స్ట్రాలు, పుల్ల ఐస్‌క్రీము పుల్లలు, ప్లాస్టిక్ స్పూన్లు, పళ్ళేలు, మిఠాయి పెట్టె మీద చుట్టే పొర. వాడకాన్ని మాత్రమే కాదు, తయారీని, దిగుమతిని, నిల్వని, అమ్మకాన్ని కూడా. అంటే తయారీ ఆపకపోతే వాడకం ఆగదని మన ప్రభుత్వానికి బాగా తెలుసు. ఇంట్లో తెలిసిన ఈ నిజం జెనీవా విమానం ఎక్కేసరికి ఎలా మర్చిపోతారు? 2019లో ఇదే పర్యావరణ సభలో ఒకసారి వాడే ప్లాస్టిక్ మీద తీర్మానం తెచ్చింది మన దేశమే కదా! అప్పటి చొరవ ఇప్పుడేమైంది?

ఆ నిషేధం కూడా కింద ఎవరి మీద పడుతోందో బజారుకెళ్ళే మనకి తెలుసు. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చారంటే ముందు జడుసుకునేది పూలమ్మే ఆమె. గంపలో పావుకేజీ పల్చటి కవర్లు పట్టుకుని జరిమానా అంటారు. మా వీధి చివర కూరలమ్మే అమ్మాయిని "ఎందుకే ఇవి పెడతావు" అంటే, "కవరు లేదంటే పక్క బండికి పోతారమ్మా" అంది. ఆమె కవర్లు తయారుచేసిందా? ఆ కట్ట ఎక్కడో ఒక మిషను మీద తయారై, లారీ ఎక్కి, హోల్‌సేలు కొట్టు దాటి ఆమె గంపలోకి వచ్చింది. దారి పొడుగునా ఎవరికీ కనపడని నేరం చివరి మెట్టు మీద ఉన్న ఆడమనిషి దగ్గరే ఎందుకు కనపడుతుంది?

ఈ కథలో చివరి మెట్టు మీద ఎప్పుడూ ఆడమనిషే. కొనేది ఆమె, వేరు చేసేది ఆమె, చెత్తకుప్పల్లో చేతులు పెట్టి ఏరుకునే వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, వలలో చేపల మధ్య చిక్కుకున్న ప్లాస్టిక్‌ని ఒడ్డున కూర్చుని ఏరేది బెస్త కుటుంబాల ఆడవాళ్ళు. మాట్లాడేది మాత్రం పై మెట్టు మీది వాళ్ళు. తిలా పాపం తలా పిడికెడు అన్నారు, బాగానే ఉంది. ఇక్కడ పిడికెళ్ళు సమానంగా లేవు. తయారుచేసినవాడికి గింజెడు, వాడినవాళ్ళకి గంపెడు.

"మనం మారకుండా ప్రభుత్వాన్ని అంటే ఏం లాభం?" అని మీలో కొందరు అంటారని తెలుసు. మారదాం. సంచీ పట్టుకెళ్దాం, స్టీలు డబ్బా తీసుకెళ్దాం, పెళ్ళిళ్ళలో నీళ్ళసీసాలకి బదులు గ్లాసులు పెట్టిద్దాం. అందులో తప్పేం లేదు. కానీ అది మన శుభ్రత, మన అలవాటు. దాన్ని సముద్రానికి మందు అనుకోకండి. మన మంచితనాన్ని ఇంకొకళ్ళు అడ్డం పెట్టుకోనివ్వకండి. తీరంలో చెత్త ఏరే కార్యక్రమాలు కూడా అంతే. పొద్దున్నే వెళ్ళి ఏరిన పిల్లల్ని మెచ్చుకోవాలి. ఆ సాయంత్రమే అలలు మళ్ళీ తెచ్చి పడేస్తే ఆ పిల్లలకి ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోవాలి.

"ప్లాస్టిక్ లేకపోతే ధరలు పెరుగుతాయి, రూపాయి షాంపూ సాచెట్టు కొనుక్కునే వాళ్ళ సంగతేంటి?" అని ఇంకో ప్రశ్న. మంచి ప్రశ్నే. ఎవరూ ప్లాస్టిక్ అంతా ఒక్కరోజులో పోవాలనడం లేదు. ఆసుపత్రిలో సిరంజి, సెలైన్ గొట్టం ఉండాల్సిందే. రోజు కూలితో బతికే ఆమెకి చిన్న మోతాదులో సరుకు దొరకాల్సిందే. ఆ చిన్న మోతాదుని ఎలా అందించాలో కంపెనీలు ఆలోచించుకోవాలి, పరిమితి పెడితే ఆలోచిస్తాయి. ఫ్రిజ్జు వాయువు విషయంలో ఆలోచించలేదా? ఒకప్పుడు సోడాలు, కూల్‌డ్రింకులు గాజు సీసాల్లో వచ్చి, ఖాళీ సీసా తిరిగిస్తేనే డిపాజిట్ ఇచ్చేవాళ్ళు. అది పల్లెటూరి కిళ్ళీకొట్టు కూడా నడిపిన పద్ధతి. పాతకాలపు పేదరికం కాదది, బుర్రతో చేసిన ఏర్పాటు.

ఇంక మనం చెయ్యగలిగింది. మనం జెనీవా వెళ్ళలేం. కానీ జెనీవా వెళ్ళేవాళ్ళు మన పేరు మీదే వెళ్తారు. ఈ సారి ఓటడగడానికి వచ్చినా, మహిళాదినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినా మీ ఎంపీని ఒక్క ప్రశ్న అడగండి. "ప్లాస్టిక్ తయారీ మీద అంతర్జాతీయ పరిమితికి మన దేశం ఎందుకు ఒప్పుకోవడం లేదు, ఓజోన్ విషయంలో అడిగినట్టు నిధి, గడువు అడిగి ఎందుకు సంతకం పెట్టకూడదు?" అని. ఆయనకి సమాధానం తెలియకపోవచ్చు. తెలుసుకుని చెప్పమనండి. పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్ళు అందరి సంతకాలతో ఒక కాగితం రాయండి, లోక్‌సభలో ప్రశ్న వెయ్యమనండి. ఇది పెద్ద పనేం కాదు. గ్యాసు ధర పెరిగినప్పుడు ఖాళీ సిలిండర్లతో రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళం మనమే.

ఈ ఒప్పందం చర్చలు చచ్చిపోలేదు, మళ్ళీ కూర్చోవాల్సిందే. అప్పుడు మన దేశం ఏం చెప్తుందో ఇప్పట్నుంచీ అడుగుతూ ఉంటేనే తేడా వస్తుంది. ఈలోగా ఎవరైనా వేదికెక్కి "అమ్మలారా, సముద్రం మీ చేతుల్లో ఉంది" అంటే, చప్పట్లు కొట్టే ముందు లేచి నిలబడి అడగండి: "మా చేతిలో సంచీ ఉంది, సరే. తయారీ ఎవరి చేతిలో ఉంది, వాళ్ళకి ఈ ఉపన్యాసం ఎప్పుడిస్తారు?"